సభ్యుడు నిద్రించు చోటు

నమోదు 1

భారం ఎత్తుకున్న సభ్యుడు రోజూ తన స్థితిని చేతి కడియంలోకి చెప్పాలని నియమం. చెప్పిన మాట చెప్పినట్టు సభా దస్త్రాల్లోకి పోతుంది. అందులో ఒక్క అక్షరం మార్చే హక్కు అధ్యక్షుడికి కూడా లేదు. ఈ నియమం రాసినవాళ్ళకి కావలసింది సభ్యుడు బతికి ఉన్నాడా లేదా అన్న ఒక్క కబురే. నేను దీన్ని ఇంకో పనికి వాడుకుంటాను. ఇది వినే గుమాస్తా ఎవరో గాని ఓపిక తెచ్చుకో నాయనా. ఈ వయసులో నా దగ్గర మర్యాద తక్కువ, జ్ఞాపకం ఎక్కువ.

స్థితి: గుండేటి రాజవీరు, ఏడో లెవల్ సభ్యుడు. బతికే ఉన్నాను. నిన్నటినించి గదికి వచ్చే గాలి నాలుగో వంతుకి తగ్గింది. గోడలకి చెమట పడుతోంది. వండి పెట్టుకున్న పప్పు అప్పుడే పులిసింది.

నిన్న ప్రశ్నోత్తరాల గంటలో ఎప్పటి భాగోతమే నడిచింది. రెండో లెవల్ సభ్యుడు విక్రాంత్ లేచి, మధ్యాహ్నం పూట దీపాల వెలుతురు మరీ పసుపుగా ఉంటోందని తన ప్రజలు కుమిలిపోతున్నారన్నాడు. గొంతు వణికించాడు కూడా. భారం వెంటనే అతని మీద పడింది. అంటే అతని గదిలో దీపాలు కాస్త పసుపు రంగుకి తిరిగాయి. అందరూ బల్లలు చరిచారు. ఆ తర్వాత మూడో లెవల్ ఆవిడ లేచి, తన వాళ్ళకి వచ్చే మామిడి రసం మరీ తియ్యగా ఉంటోందని వాపోయింది. పాపం, ఆవిడ కూడా ఆ భారం మోస్తుంది, రోజుకో గ్లాసు.

ఎవరి బాధ సభలో చెబుతావో ఆ బాధ తీరేదాకా నువ్వూ పడాలి. చట్టం ఇంతే. మనం భూమి కిందికి దిగిన కొత్తలో సభ్యులు లేని బాధలు కల్పించి గంటలకొద్దీ ఏడ్చేవారు కాబట్టి ఈ చట్టం తెచ్చారు. తెచ్చాక అబద్ధం పోయింది. దాని వెంబడి నిజం కూడా పోయింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అనేవారు మా పెద్దలు. ఈ చట్టం కాకికీ పుండు పెట్టింది. అప్పట్నించి కాకులు ఎద్దు వైపు చూడటమే మానేశాయి.

ఈ చట్టం రాసినవాడు అనంతశయనం, ఇప్పటి అధ్యక్షుడు. ఒకప్పుడు ఆ కుర్చీలో నేనుండేవాణ్ణి, అతను నా కార్యదర్శి. నియమావళి ఎలా చదవాలో నేర్పింది నేనే. నేర్చుకున్నది సరిపోయిందనుకున్న రోజున నన్ను లేపి తను కూర్చున్నాడు. నాకు మిగిలింది ఏడో లెవల్. ఎవరూ కోరుకోని సీటు.

మరి ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాణ్ణి నిన్న ఎందుకు లేచానంటే, ఓదెమ్మ వచ్చింది. ఏడో లెవల్లో బట్టలుతికే గది ఆమెదే. వచ్చి గడపలో నిలబడి నా గదంతా ఓసారి కలియజూసింది.

"మంచిగున్నవా వీరన్నా? సల్లగనే ఉన్నది నీ అర్ర."

"లోపలికి రా, కూర్చో."

"ఈడ కూసుంటే మళ్ళ లేవబుద్ధి కాదు. నిలబడే చెప్త. మా పంక తిరుగుడు తగ్గి ఎన్నొద్దులాయె. మా అక్క సాయమ్మ పంటే లేస్తలేదు, లేస్తే పంటలేదు. గని దుమ్ము తిన్న ఊపిరి ఆమెది. నువ్వేమో సభల ఒక్క మాటనవైతివి."

"చట్టం నీకు తెలుసు కదా ఓదెమ్మా."

"ఎందుకు తెల్వది? మేం పడేది నువ్వు గూడ పడాలె. మేం పడుతలేమా మరి?"

"నాకు డెబ్బై నాలుగేళ్ళు."

"మా అక్క నీకన్న పెద్దది. ఆమెకు కుర్సీ లేదు, గంతే."

ఆ మాట గుచ్చుకుని లేచానని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది. అనంతశయనం ముఖం మాడుతుంటే చూడాలన్న కోరిక కూడా ఉంది. ఈ రెంటిలో ఏది పెద్దదో గుమాస్తా గారే తేల్చుకోవాలి. నేను లేచి, ఏడో లెవల్‌కి గాలి నాలుగో వంతే వస్తోందనీ, దీనికి పంకా మార్చాలనీ అన్నాను. సభలో ఒక్క బల్ల మోగలేదు. విక్రాంత్ నన్ను కొత్తగా పిచ్చి పట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు.

నమోదు 2

స్థితి: బతికే ఉన్నాను. నిద్ర లేదు.

పొయ్యి వెలిగించడం మానేశాను. అటుకులు మజ్జిగలో నానేసుకుని తింటున్నాను. దుప్పటి తడిపి తలుపుకి కట్టాను. చల్లదనం రాలేదు గాని గదికి తడి కుక్క వాసన వచ్చింది. మూడు గోడలకీ ఉన్న పుస్తకాలు ఉబ్బిపోతున్నాయి. అట్టల జిగురు కరిగి, తెరిస్తే కాగితాలు చేతికొస్తున్నాయి. పాత రాజ్యాల చరిత్ర ఒకటి నిన్న నా ఒళ్ళోనే విడిపోయింది. అందులో రాజుగారి అన్నం ముందుగా రుచి చూసే ఉద్యోగి కథ ఉంది. విషం ఉంటే వాడు పోతాడు, రాజు బతుకుతాడు. మన సభ ఇంకా తెలివైనది. ఇక్కడ రుచి చూసినవాడు చచ్చిపోతే అన్నంలో విషం లేదని తీర్మానిస్తారు. భారం మోసేవాడు పోయినా, దించుకున్నా, ఫిర్యాదు దానంతటదే రద్దవుతుంది.

అనంతశయనం పరామర్శకి వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. వెనక ఒక బంట్రోతు విసనకర్ర పట్టుకుని ఉన్నాడు.

"గురువుగారూ, ఆరోగ్యం ఎలా ఉంది?"

"లోపలికి రా శయనం. కూర్చుని మాట్లాడుకుందాం."

"పర్లేదండీ, ఇక్కడ బాగానే ఉంది."

"అక్కడ బాగుంటుందని నాకూ తెలుసు."

నవ్వాడు. నవ్వు అతనికి నేను నేర్పలేదు. "ఈ వయసులో మీకిది అవసరమా? 'దించుతున్నాను' అని ఒక్క మాట అనండి. సాయంత్రానికల్లా గది చల్లబడుతుంది. మీ మీద నాకున్న గౌరవం కొద్దీ చెబుతున్నాను."

"చర్చ ఎప్పుడు పెడతావు?"

"పెడతాం. వరసలో ఉంది. వాయు మంత్రిగారు పద్దుల పనిలో తీరిక లేకుండా ఉన్నారు. మామిడి రసం సమస్య కూడా పెండింగులో ఉంది కదా."

"జబ్బు మనిషి ఇంటి ముందు కూర్చుని పాడెకి వెదుళ్ళు చెక్కినట్టుంది నీ వరస."

"ఆ మాట మీరు నమోదులో అనకండి. దస్త్రాల్లో ఉండిపోతుంది."

అందుకే అన్నాను.

నమోదు 3

స్థితి: బతికే ఉన్నాను. ఈసారి నిద్రపోయాను కూడా. ఎక్కడో చెబుతాను.

చర్చ మళ్ళీ వాయిదా పడింది. నా గదిలో ఇంకో రోజు పడుకుంటే అనంతశయనం వెదుళ్ళు వృథా పోవని తెలిసింది. లిఫ్టెక్కి ఏడో లెవల్‌కి దిగాను. సభ్యుడు తన నియోజకవర్గంలో పడుకోకూడదని ఏ నియమంలోనూ లేదు.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే వేడి ముఖాన తడిగుడ్డలా అతుక్కుంది. అయినా నా గది కంటే నయం. నేను పైన ఒంటరిగా ఉడుకుతున్నాను. ఇక్కడ అందరూ కలిసి ఉడుకుతున్నారు. రెండు దారులు కలిసే కూడలిలో కాస్త గాలి కదలిక ఉంటుంది. పగటి పాళీ లేనివాళ్ళంతా అక్కడే చాపలేసుకుని పడుకుంటారు. ఒక వరస పడుకుంటే ఇంకో వరస అట్టముక్కలతో విసురుతుంది, కాసేపయ్యాక మారతారు. ఎవరూ గంట కొట్టరు. చెయ్యి నొప్పి పుట్టినవాడు పక్కవాణ్ణి కాలితో తంతాడు, అంతే.

సాయమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదట. ఒక్కో మాటకీ మధ్య గాలి వెతుక్కుంటోంది గాని మాటల్లో పదును తగ్గలేదు.

"గీయనేనా ఓదీ, మన మెంబరు? గింత సన్నగున్నడేంది. సభల బువ్వ పెడ్తలేరా?"

"పెడ్తరు. ఈయనకు అరగదు," అంది ఓదెమ్మ.

"మా గురించి ఏమంటరు బిడ్డా ఆడ?"

"ఏమీ అనరమ్మా," అన్నాను.

"తిడుతరేమో అనుకున్న." కాసేపు ఊపిరి తీసుకుంది. "తిడితే అన్న యాదికున్నట్టుండు."

నా జీవితంలో విన్న ప్రసంగాలన్నీ కలిపినా ఈ మాటకి సరిపోవు. అందులో నావీ ఉన్నాయి.

నాకూ ఒక చాప ఇచ్చారు. నా వంతు విసిరాక పడుకున్నాను. ఎవరో నా మీద అట్టముక్క ఊపుతుండగా, మంత్రుల పద్దులన్నీ మరిచిపోయి, రాయిలా నిద్రపోయాను. లేచేసరికి ఓదెమ్మ నా ఉత్తరీయం ఉతికి ఆరేసింది.

"రేపు గూడ రా వీరన్నా. కాని ఉత్త చేతుల్తోని రాకు, చర్చ తీసుకరా."

నమోదు 4

స్థితి చెప్పను. కడియానికే తెలుసు.

నిన్న జరిగింది జరిగినట్టు చెబుతాను. గుమాస్తా, నువ్వు ఇక్కడ ఆగి నీళ్ళు తాగాలనుకుంటే తాగు. నేను ఆగను.

నిన్న పొద్దున నేను మళ్ళీ ఏడో లెవల్‌కి వెళ్ళాను. నేను లేని సభలో అనంతశయనం ఒక సవరణ పెట్టించాడు. రాజవీరుగారు భారం తప్పించుకు తిరుగుతున్నారట. ఫిర్యాదు చేసిన చోటే పడుకోవడం తప్పించుకోవడం ఎలా అవుతుందని ఒక్కడూ అడగలేదు. అక్కడ జనమంతా విసురుతారు కాబట్టి ఒంటరిగా మోయాల్సిన భారం పంచుకున్నట్టవుతుందని విక్రాంత్ వివరించాడట. సవరణ ఒక్క వాక్యం. 'సభ్యుడు నిద్రించు చోటే సభ్యుని గది.' అందరూ చేతులెత్తారు. నా పార్టీవాళ్ళవి ముందు లేచాయి. చేతులు దిగకముందే అమల్లోకి వచ్చింది.

దాని అర్థం నీకు తెలియకపోతే విను. గాలి పంచే యంత్రం భారం ఎత్తినవాడి గదికి వచ్చే గాలిని నాలుగో వంతుకి కోస్తుంది. అది చోటు చూడదు, కొలత చూడదు, ఉన్నదాంట్లో కోస్తుంది. ఏడో లెవల్‌కి వచ్చేదే నాలుగో వంతు. నేనక్కడ కన్ను మూస్తే ఆ నాలుగో వంతులో మళ్ళీ నాలుగో వంతే మిగులుతుంది.

నేను నిద్రలో ఉండగా ఈ సంగతి నా కడియానికి కబురు పంపారు. కడియం నన్ను లేపలేదు. నిద్రలో ఉన్న సభ్యుణ్ణి లేపకూడదని ఇంకో నియమం ఉంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను నా వంతు విసిరి, చాప మీద ఒరిగి నిద్రపోయాను. జనం ఉక్కిరిబిక్కిరై లేచారు. పంకా ఆగిపోయిందనుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుని లిఫ్టు వైపు పరిగెత్తారు. ఓదెమ్మ నా భుజం పట్టి గుంజింది. నేను కళ్ళు తెరిచాను. గాలి వచ్చింది. అందరూ అది చూశారు. ముసలాడు కళ్ళు తెరిచాడు, గాలి వచ్చింది.

సాయమ్మ గోడకి ఆనుకునే ఉంది. ఎవరూ పరిగెత్తించని మనిషి ఆమె ఒక్కతే. తల పక్కకి వాలి ఉంది.

కడియం మీద సవరణ వాక్యం వెలుగుతోంది. ఓదెమ్మ ఏంటదని అడిగింది. చదివి వినిపించాను. అర్థం చెప్పమంది. చెప్పాను. 

"అంటే నువ్వు పంటే గాలి బందైతది."

"అవును."

"నువ్వు పన్నవు. మా అక్క సచ్చింది."

"అవును ఓదెమ్మా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

సాయంత్రం పాడె లేచింది. నేను భుజం పట్టబోతే ఓదెమ్మ అన్నదమ్ముల పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత జరిగి చోటిచ్చారు. లిఫ్టు ముందు దింపుడు కళ్ళం. పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పిలిచారు. సాయమ్మా, సాయమ్మా, సాయమ్మా. పైకి పోయే లిఫ్టు ఆ మూడు పిలుపులకీ తలుపు తెరిచి ఆగింది. మన యంత్రాలకి ఇలాంటి మర్యాదలు బాగా తెలుసు.

తిరిగొచ్చాక నా చాప చుట్టి ఓదెమ్మ నా చేతిలో పెట్టింది.

"మళ్ళ ఈడ పండకు వీరన్నా."

"పడుకోను."

"గంత మంచి నిద్ర నీకుంటే పోయి ఆళ్ళ సభల పండు."

కోపంతో అన్నది, అన్నాక తలుపేసుకుంది. నేను చాప చంకన పెట్టుకుని లిఫ్టు కోసం నిలబడ్డాను. లిఫ్టు వచ్చింది, వెళ్ళింది. మళ్ళీ వచ్చింది. ఎక్కలేదు. ఆ మాటలో ఎంత న్యాయం ఉందో అప్పుడు లెక్క కడుతున్నాను.

నమోదు 5

స్థితి: బతికే ఉన్నాను. సభలో హాయిగా నిద్రపోయాను.

మన సభలో నిద్ర కొత్త కాదు. పాత సభ్యుల్లో సగం మంది ప్రతిభ అదే. నేను మాత్రం ఎన్నడూ పడుకోలేదు. పుస్తకం ఉండేది. ఇవాళ పుస్తకం తీసుకుపోలేదు, ఉన్నవన్నీ విడిపోయాయి. గదిలో కన్ను మూతపడక, కింద పడుకునే హక్కు లేక, నా కళ్ళు ఉప్పు నీళ్ళలో ఊరినట్టున్నాయి. పద్దుల మీద వాయు మంత్రి కీర్తిచంద్ర ప్రసంగం మొదలైంది. 'ఈ ప్రభుత్వం ప్రతి ఊపిరికీ జవాబుదారీ' అన్నాడు. బల్ల మీద చేతులు మడిచి తల ఆనించాను.

తర్వాతిది సందర్శకుల గ్యాలరీలో ఉన్న ఓదెమ్మ చెప్పగా తెలిసింది. ఏడో లెవల్ నుంచి ఆమె, ఇంకొంతమంది వచ్చి కూర్చున్నారు. ఎందుకు వచ్చావని అడిగితే, నేనేం చేస్తానో చూడ్డానికట. తలుపేసుకునే ముందు తను అన్న మాట నేను పట్టుకున్నానని ఆమెకి తెలుసేమో.

ముందు మంత్రి కాలర్ సర్దుకున్నాడు. తర్వాత నీళ్ళు అడిగాడు. మూడో లెవల్ ఆవిడ కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టింది. విక్రాంత్ లేచి, సభలో పంకా ఆగినట్టుందని అనబోయి, నోరు తెరిచినవాడు తెరిచినట్టే కూర్చున్నాడు. ఆ మాట అంటే భారం తన మీద పడుతుంది మరి. అప్పుడు ఎవరో నన్ను చూశారు. నేను గురక పెడుతున్నానట.

"మార్షల్! లేపండి ఆయన్ని!" అన్నాడు అనంతశయనం.

మార్షల్ బక్కన్న నా దాకా వచ్చి ఆగాడు. "అధ్యక్షా, నిద్రలో ఉన్న భారసభ్యుణ్ణి లేపకూడదండి. నియమం."

"సరే, చప్పుడు చెయ్యండి!"

బల్లలు చరిచారు. అది వాళ్ళకి చేతనైన పనే. కాని ఎన్నేళ్ళుగానో ఆ మోతకి అలవాటు పడ్డ చెవులు నావి. మీదపడి అరిచినా కదల్లేదట. గ్యాలరీ మాత్రం చెదరలేదు. ఏడో లెవల్ వాళ్ళు కాళ్ళు చాపుకుని, ఇంట్లో ఉన్నట్టే కూర్చున్నారు.

"ఓ మంత్రి సారూ!" అని ఓదెమ్మ పైనించి కేకేసింది. "గింతకే గుండీలిప్పితివా? గిది మా తాన పొద్దుగాల సల్లదనం!"

"గ్యాలరీలో నిశ్శబ్దం!"

"నిశ్శబ్దంగనే ఉంటం సారూ, ఊపిరి గూడ తీస్తలేం! మా అక్క సుత తీస్తలేదు!"

నేను లేచేసరికి అనంతశయనం అధ్యక్ష పీఠం మీద అంగరఖా విప్పేసి, బనీనుతో కూర్చుని ఉన్నాడు. ఇరవై ఏళ్ళుగా చూడాలనుకున్న దృశ్యం. చల్లగాలి వచ్చింది. అందరూ నా వైపు తిరిగారు.

"క్షమించాలి అధ్యక్షా," అన్నాను. "కునుకు పట్టింది. మంత్రిగారు కొనసాగించవచ్చు."

మంత్రి కొనసాగించాడు. నేనూ కొనసాగించాను.

నమోదు 6

స్థితి: బతికే ఉన్నాను. నా మీద పగ పట్టినవాళ్ళ సంఖ్య పెరిగింది. ఇంకా చోటుంది.

పొద్దున సభకంటే ముందే నన్ను అధ్యక్షుడి గదికి పిలిచారు. అనంతశయనం ఈసారి నన్ను కూర్చోమన్నాడు.

"ఇది సభా ధిక్కారం గురువుగారూ."

"నిద్రా?"

"మిమ్మల్ని బహిష్కరించగలను."

"భారం మోస్తున్నవాణ్ణి బహిష్కరించకూడదు. చూసుకో, ఎక్కడుందో నీకు చూపించింది కూడా నేనే."

"సవరణ వెనక్కి తీసుకుంటాం."

"ఒకే సమావేశంలో ఒకే విషయం మీద రెండుసార్లు ఓటు వెయ్యకూడదు. ఈ సమావేశం పద్దులు గట్టెక్కేదాకా ముగియదు. గట్టెక్కాలంటే మీరంతా లోపల కూర్చోవాలి. కూర్చోండి. నేనూ కూర్చుంటాను."

అతను గాజు గ్లాసు బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "మీ గదిని మామూలుగా చేసేస్తాం. ఎవరికీ తెలియకుండా. నమోదులో మాత్రం భారం ఉన్నట్టే ఉంటుంది. మీరు గదిలో పడుకోండి చాలు."

"సాయమ్మ అని ఒకావిడ ఉండేది."

"ఎవరు?"

అప్పటిదాకా నాకు అతనంటే కోపం ఉండేది. ఆ ప్రశ్న అతను నటించలేదు. నిజంగానే తెలియదు. నేను లేచి సభలోకి వెళ్ళి, బల్ల మీద తల పెట్టాను.

మధ్యాహ్నానికి చర్చ వచ్చింది. అన్ని వాయిదాలూ ఒక్క పూటలో కరిగిపోయాయి. ఏడో లెవల్ గాలి మీద ఈ సభలో మొదటిసారిగా చర్చ జరిగింది. భారం అప్పటికే నా మీద ఉంది కాబట్టి మాట్లాడినవాళ్ళ మీద కొత్తగా ఏదీ పడదు. సభ్యులు అంత అనుభవంతో మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఉక్క ఎలా గొంతు పట్టుకుంటుందో మూడో లెవల్ ఆవిడ వర్ణిస్తుంటే నాకే ముచ్చటేసింది.

ఇంజినీరుని పిలిచారు. అదనపు పంకా లేదన్నాడు. ఎక్కడో ఒక చోట తీస్తేనే ఇంకో చోట పెట్టగలమన్నాడు.

"ఆరో లెవల్‌ది తీసి పెట్టండి," అన్నాడు మంత్రి వెంటనే. ఆరో లెవల్ సభ్యుడు తల వంచుకుని బల్లని చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట అంటే వాళ్ళ రేపటి ఉక్క అతని గదిలోకి వస్తుంది.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఆగండి, ఆగండి రాజవీరుగారూ!" మంత్రి అరుపు. "ఇంకో పంకా ఎక్కడుందయ్యా?"

"ఆ కొలత పంకా ఇంకొకటే ఉందండి," అన్నాడు ఇంజినీరు, పైకి చూస్తూ. "ఈ హాలుది."

నేను కళ్ళు తెరవలేదు. నిద్ర రాలేదు నిజానికి, కాని వాళ్ళకి ఆ సంగతి తెలియదు. ఎవరో ఊపిరి బిగబట్టారు. ఇంకెవరో మనం రోజుకి కొద్ది గంటలేగా కూర్చునేది అన్నారు. పద్దులు ముందు గట్టెక్కాలి అన్నారు. హాలుకి చిన్న పంకా చాలదా అని విక్రాంత్ అన్నాడు. ఇళ్ళకి పోతే గదులు చల్లగానే ఉంటాయి కదా అని మంత్రి సర్దిచెప్పాడు. చేతులు లేచిన చప్పుడు విన్నాను. చెమట పట్టిన చంకల వాసన కూడా వచ్చింది.

నమోదు 7

ఇది ఆఖరిది. ఏడో లెవల్‌లో పంకా బిగించారు. ఫిర్యాదు తీరిందని యంత్రం ప్రకటించింది. నా గది చల్లబడింది. ముగింపు వాక్యం చెప్పి భారం మూసెయ్యమని కడియం అడుగుతోంది. అడగనీ. ఇంకా కాస్త ఉంది.

నిన్న కిందికి వెళ్ళాను. కూడలిలో ఎవరూ పడుకోలేదు, ఎవరి అర్రల్లో వాళ్ళున్నారు. ఓదెమ్మ ఉతికిన బట్టలు తాళ్ళ మీద ఊగుతున్నాయి.

"ఎట్లున్నది గాలి?" అన్నాను.

"మంచిగున్నది." బట్ట పిండుతూనే ఉంది. "మంచిగున్నకొద్దీ నాకు కోపమస్తున్నది వీరన్నా. గింత అల్కగ వచ్చే గాలి, గప్పుడే ఎందుకు రాలే?"

ఆమె అడిగింది జవాబు. మెంబర్ల దగ్గర ఉండేది సమాధానాలు. అవి వేరు. కూర్చోమని ఆమె అనలేదు. నేను నిలబడినవాణ్ణి నిలబడినట్టే వచ్చేశాను.

ఇవాళ సభ. కొలిమిలా ఉంది. చిన్న పంకా ఈగలా మూలుగుతోంది. లోపలికి రాగానే అందరి ముఖాలు నూనె రాసినట్టు మెరిశాయి. ప్రశ్నోత్తరాల గంటలో రెండో లెవల్ దీపాలు ఇంకా పసుపుగానే ఉన్నాయని విక్రాంత్ గుర్తు చేశాడు. చెమట అతని గడ్డం మీంచి కాగితం మీద పడుతోంది. వేడి గురించి అతను ఒక్క మాట అనలేదు. ఎవరూ అనలేదు. అన్నవాడి పడకగదిలోకి ఈ హాలు వెళ్ళి కూర్చుంటుంది. మిగతావాళ్ళు చర్చని ఎన్నాళ్ళు వాయిదా వేస్తారో అందరికీ తెలుసు, వాళ్ళే కదా వేసేది. అంతమందీ, ఒకరినొకరు చూసుకుంటూ, ఎవడు ముందు నోరు తెరుస్తాడా అని కాచుకుని కూర్చున్నారు.

విరామంలో అనంతశయనం నా బల్ల దగ్గరికి వచ్చాడు. పీఠం దిగి రావడం అతనికి అలవాటు లేదు. మెట్టు దగ్గర తడబడ్డాడు.

"గురువుగారూ, సభ తరఫున ఒక చిన్న మనవి."

"చెప్పు శయనం."

"ఈ హాలు సంగతి... ఎవరో ఒకరు లేవనెత్తాలి. మీకైతే అనుభవం ఉంది. రెండు రోజుల్లో చర్చ పెట్టిస్తాను. మాటిస్తున్నాను. పెద్దవారు, మీరంటే అందరికీ గౌరవం."

అతని కనుబొమ మీంచి చెమట జారి కంట్లో పడింది. తుడుచుకోలేదు, నా జవాబు కోసం చూస్తున్నాడు. ఎత్తగలనని నాకు తెలుసు. అలవాటైన ఉక్కే.

"ఎత్తుతాను," అన్నాను.

అతని ముఖం వెలిగింది.

"ముందు సాయమ్మకి సంతాప తీర్మానం పెట్టు. సభ నిలబడాలి. ఆవిడ ఎలా పోయిందో పీఠం మీంచి నువ్వే చదవాలి. సవరణ వాక్యంతో సహా, ఎవరెవరు చేతులెత్తారో వాళ్ళ పేర్లతో సహా. పూర్తవగానే లేచి మీ భారం ఎత్తుకుంటాను. ఈసారి రెండు రోజులు కాదు, నువ్వు ఎన్నాళ్ళు వాయిదా వేస్తే అన్నాళ్ళు మోస్తాను."

చుట్టుపక్కల బల్లల వాళ్ళు విన్నారు. మూడో లెవల్ ఆవిడ విసురుకోవడం ఆపింది. విక్రాంత్ కిటికీ లేని గోడ వైపు చూశాడు. అనంతశయనం పెదవులు కదిలాయి. పేరు తలుచుకోవడానికి ప్రయత్నిస్తున్నాడనుకున్నాను. కాదు, చుట్టూ ఉన్న ముఖాలు లెక్కపెడుతున్నాడు. వాటిలో ఒక్కటీ తల ఊపలేదు.

గ్యాలరీలో ఓదెమ్మ ఒక్కతే ఉంది. ఇంత దూరం నుంచి మా మాటలు వినపడవు. అయినా రెయిలింగ్ మీదికి వంగి చూస్తోంది.

అనంతశయనం వెనక్కి వెళ్ళి మెట్లెక్కాడు. పీఠం మీద కూర్చుని, చేతిరుమాలు తీసి కాళ్ళ దగ్గర పిండాడు. గొంతు సవరించుకుని తర్వాతి ప్రశ్న పిలిచాడు. అది మామిడి రసం గురించి.